వెన్నుపాములో ఉందా, ఒంటబట్టిందా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది గుంటూరు జిల్లా. మూడేళ్లుగా నార్వేలోని స్టావంగర్‌లో ఉంటున్నాం. మావారు చమురు కంపెనీలో ఇంజినీరు, నేను ఐటీలో. ఎనిమిదేళ్ల బాబు. మేం ఉండే అపార్ట్‌మెంట్లలో ఏటా రెండుసార్లు 'డుగ్నాడ్' అని ఉంటుంది. అందరూ కలిసి ఆవరణ బాగుచేసుకునే రోజు. మొన్న ఏప్రిల్‌లో అది శనివారం పదకొండింటికి అని కింద నోటీసు అంటించారు. సరిగ్గా ఆ రోజే ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది వేడుక. మావారు సముద్రం మీద డ్యూటీలో ఉన్నారు, వంటల బాధ్యత నాది. అందుకని గ్రూపులో 'నేను రాలేను, నా వాటాకి 500 క్రోనర్లు విప్స్ యాప్‌లో పంపుతాను, ఎవరినైనా పెట్టుకోండి' అని మర్యాదగానే రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. మెట్ల మీద ఎదురైతే ఇప్పటికీ 'హాయ్' అంటారు గానీ తేడా తెలుస్తోంది.

ఆఫీసులో లంచ్ దగ్గర ఈ సంగతి చెబితే ఒక సహోద్యోగిని నవ్వి, 'అది మాకు రిగ్‌మార్గెన్‌లో ఉంటుంది, బయటినుంచి వచ్చినవాళ్లకి అర్థం కాదులే' అంది. ఇంటికొచ్చి అర్థం వెతికితే వెన్నుపాము అని ఉంది. అప్పట్నుంచీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది. ఎన్నేళ్లున్నా మేం బయటివాళ్లమేనా?

ఇంకో బెంగ బాబు గురించి. స్కూల్లో మాట్లాడటానికి పిలిచినప్పుడు 'క్లాసులో మావాడి ర్యాంకు ఎంత' అని అడిగితే టీచర్ తెల్లబోయింది. మా అత్తగారు వీడియో కాల్‌లో అదే అడిగితే వాడు 'నేనూ అందరిలాగే, నాన్నమ్మా' అంటాడు. టీచర్ని పేరు పెట్టి పిలుస్తాడు. పైగా ఈమధ్య 'ఊఁ' అనడానికి బదులు ఊపిరి లోపలికి పీల్చి 'యా' అంటున్నాడు. ఆయాసమేమో, డాక్టరుకి చూపించమంటున్నారు అత్తగారు. మనవన్నీ పోయి వాళ్లవి వీడి వెన్నులోకి దిగిపోతున్నాయా? ఆపాలా, వదిలేయాలా?

జవాబు: ముందుగా మీ అత్తగారికి చెప్పండి, బాబుకి ఆయాసం లేదు. ఊపిరి లోపలికి లాగుతూ 'యా' అనడం అక్కడివాళ్ల అలవాటు. నేను నార్వేలోనే బెర్గెన్‌లో ఇరవై రెండేళ్లు ఉన్నాను. వెళ్లిన కొత్తలో మా మెట్లమీది ముసలావిడతో మాట్లాడుతుంటే ఆవిడ మాటమాటకీ అలా గతుక్కుమన్నట్టు ఊపిరి పీలుస్తుంటే, నేనేదో అనరాని మాట అన్నానేమోనని హడలిపోయేదాన్ని. 'అవునవును, వింటున్నాను, చెప్పు' అని దాని అర్థం. మన 'ఊఁ' ఎంతో అదీ అంతే.

ఇక మీకు గుచ్చుకున్న మాట. 'రిగ్' అంటే వీపు, 'మార్గ్' అంటే మూలుగ. ఎముకలో ఉండే మూలుగ. రెండూ కలిపితే వీపులోని మూలుగ, అంటే వెన్నుపాము. ఆలోచించక్కర్లేకుండా, ఎవరూ చెప్పక్కర్లేకుండా మనిషి చేసేసే పనుల గురించి చెప్పేటప్పుడు నార్వేవాళ్లు 'అది వెన్నుపాములో కూర్చుంది' అంటారు. ఇంట్లోకి రాగానే చెప్పులు విప్పడం, భోజనం అయ్యాక లేచేముందు వండినవాళ్లకి 'టాక్ ఫర్ మాటెన్' అని కృతజ్ఞత చెప్పడం, ఐదింటికి రమ్మంటే ఐదింటికే తలుపు తట్టడం, వానైనా మంచైనా ఆదివారం కొండెక్కడం. ఇలాంటివన్నీ ఆ మాట కిందికి వస్తాయి.

ఈ మాట వైద్యంలోంచి వచ్చింది. వేడి పెనం మీద చెయ్యి పడితే, కాలిందని మనకి తెలిసేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. ఆ కబురు మెదడు దాకా వెళ్లి తిరిగి వచ్చేదాకా ఒళ్లు ఆగదు, వెన్నుపాము దగ్గరే మలుపు తిరిగి చేతికి ఆజ్ఞ వచ్చేస్తుంది. అది పుట్టుకతో వచ్చే గుణం, ఎవరూ నేర్పరు. మీ సహోద్యోగిని అన్న మాటలో చిక్కంతా ఇక్కడే ఉంది. పెనం మీంచి చెయ్యి తియ్యడం ఎవరూ నేర్పలేదు గానీ డుగ్నాడ్‌కి రావడం మాత్రం ఆవిడకి ఎవరో నేర్పారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న చేతికో చిన్న పార ఇచ్చి వెంట తీసుకెళ్లి ఉంటాడు. అది ఆవిడకి గుర్తుండదు. నేర్చుకున్న రోజు మరిచిపోయిన పాఠం పుట్టుకతో వచ్చినట్టే అనిపిస్తుంది కదా.

మనకీ ఇలాంటి మాటలున్నాయి. 'వాళ్ల రక్తంలోనే ఉంది' అంటాం. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అంటాం. అవి ఈ రిగ్‌మార్గెన్‌కి అన్నదమ్ములే. కానీ మన దగ్గర ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. 'ఒంటబట్టడం'. చదువు ఒంటబట్టలేదు అంటాం, తిన్నది ఒంటబట్టడం లేదు అంటాం, పట్నం వెళ్లొచ్చాక ఆ పోకడలు ఒంటబట్టాయి అంటాం. బయటినుంచి వచ్చింది, కొన్నాళ్లకి లోపలికి ఇంకి ఒంట్లో భాగమైంది అని అర్థం. నాకు నార్వేవాళ్ల మాటకంటే మన మాటే నిజానికి దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది.

మీకు ఒంటబట్టింది ఏమిటో చూసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష. ఆఫీసులో కింద పడిన ఫైలుకి పొరపాటున మీ కాలు తగిలితే ఏం చేస్తారు? నేనైతే అక్కడ ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలోనూ ఒక్కసారి కూడా ఆలోచించి ఆ పని చెయ్యలేదు. కాలు తగలడం, వంగడం, చెయ్యి కాగితాన్ని తాకి కళ్లకు వెళ్లడం, మూడూ ఒకేసారి అయిపోయేవి. ఒకసారి మా బాస్ చూసి, కంట్లో ఏమైనా పడిందా అని అడిగాడు. కాదు, కాగితానికి కాలు తగిలింది అన్నాను. అది ప్రింటర్ వారంటీ కాగితం. సరస్వతీదేవి ప్రింటర్ వారంటీలో ఎందుకుంటుందో నేను ఆయనకి చెప్పలేకపోయాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు కళ్లకు అద్దించి ఉంటుందో మాత్రం అప్పుడే మొదటిసారి ఆలోచించాను.

అక్కడివాళ్లకి ఒంటబట్టినవాటిలో కొన్నింటికి తేదీలు కూడా ఉన్నాయి. ఇది మీ సహోద్యోగినికి కూడా తెలిసే ఉంటుంది గానీ అలా ఆలోచించి ఉండదు. ఈస్టర్ సెలవులకి మీరూ కొండల్లోకి వెళ్లే ఉంటారు. దుకాణాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారల కాగితంలో 'క్విక్ లుంచ్' అనే చాక్లెట్ గుట్టలుగా పోసి ఉంటుంది. తిన్నాక ఆ కాగితం పారెయ్యకుండా లోపలివైపు చదవండి. కొండల్లో పాటించాల్సిన జాగ్రత్తలు అక్కడ అచ్చేసి ఉంటాయి. వాటిలో పేరుమోసింది ఒకటుంది, వేళకి వెనక్కి తిరుగు, వెనక్కి తిరగడంలో సిగ్గు లేదు అని. ఈ మాట తెలియని నార్వే మనిషి ఉండడు, రాజకీయాల్లోనూ వ్యాపారంలోనూ కూడా వాడేస్తారు. ఇది వాళ్లకి వైకింగుల కాలం నుంచి రాలేదు. 1967 ఈస్టర్‌లో కొండల్లో 18 మంది చనిపోయారు. అంతకుముందు నుంచీ సలహాలంటూ ఉన్నా, ఆ విషాదం తర్వాతే రెడ్ క్రాస్, పర్యాటక సంఘం కలిసి ఇంటింటికీ చేరేలా ప్రచారం చేశాయి. చాక్లెట్ కాగితం మీదికి కూడా ఎక్కించారు. రెండు తరాలు గడిచేసరికి అది వెన్నుపాము అయిపోయింది.

మా ఆఫీసువాళ్లతో ఉల్రికెన్ కొండ ఎక్కినప్పుడు ఇది కళ్లారా చూశాను. 643 మీటర్ల కొండ, పెద్దదేం కాదు. పైకి ఇంకో ఇరవై నిమిషాలుందనగా మంచు కమ్మేసింది. ముందు నడుస్తున్నాయన ఆకాశం వంక చూసి, ఒక్క మాట లేకుండా వెనక్కి తిరిగాడు. అందరూ తిరిగారు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. అలిపిరి మెట్లు మోకాళ్ల పర్వతం దాకా ఎక్కి, వెనక్కి వెళ్లిపోదామా అంటే మనవాళ్లు ఊరుకుంటారా? మొక్కుకున్నాక ఆగకూడదు అన్నది నా వెన్నులో ఉంది. అక్కడ మొక్కూ లేదు, దేవుడూ లేడు. అయినా కాళ్లు కదల్లేదు.

'మీరు' అనే మాట తీసుకోండి. మీ అబ్బాయి టీచర్ని పేరు పెట్టి పిలుస్తున్నాడని రాశారు గదా. నార్వే భాషలోనూ ఒకప్పుడు మనలాగే 'నువ్వు', 'మీరు' రెండూ వాడుకలో ఉండేవి. టీచర్ని, డాక్టర్ని, పై అధికారిని 'మీరు' అనేవారు. 1970ల నుంచి అది దాదాపుగా పోయింది. ఇప్పటి పిల్లలకి ఆ మాట పాత పుస్తకాల్లోది. మొదట్నుంచీ మేమందరం సమానమే అన్నట్టు వాళ్లు మాట్లాడతారు గానీ, వాళ్ల అమ్మమ్మలు స్కూలు మాస్టారిని 'మీరు' అన్నవాళ్లే. తండ్రులు పసిపిల్లల బండి తోసుకుంటూ పగటిపూట కాఫీ షాపుల్లో కూర్చోవడం కూడా అంతే. 1993లో తండ్రులకి మాత్రమే అని నాలుగు వారాల సెలవు చట్టంలో పెట్టారు. తండ్రి తీసుకోకపోతే ఆ వారాలు పోయినట్టే. అంతకుముందు సెలవు పెట్టే తండ్రులు ఎక్కడో ఒకరు. చట్టం వచ్చిన కొన్నేళ్లకే పెట్టని తండ్రి వింతమనిషి అయ్యాడు. ఇప్పుడది 15 వారాలు. శుక్రవారం రాత్రి టాకో తినడం కూడా మా వెన్నుపాములో ఉంది అంటారు వాళ్లు నవ్వుతూ. మెక్సికో తిండి! అందుకని ఈ మాట వినగానే అంత భయపడిపోవాల్సిన పని లేదు.

అయితే డుగ్నాడ్ విషయంలో తప్పు మీదే, చెప్పకుండా ఉండలేను. రాకపోవడం తప్పు కాదు. డబ్బు ఇస్తాననడం తప్పు.

మీకు కోపం రాకుండా ఒక పోలిక చెబుతాను. గుంటూరులో మీ పిన్ని కూతురి పెళ్లి అనుకోండి. పంక్తి లేచింది, ఇంకో పంక్తి కూర్చుంది, వడ్డించేవాళ్లు చాలడం లేదు. పిలిచినా పిలవకపోయినా దగ్గరివాళ్లంతా కొంగు దోపుకుని పప్పు గిన్నె అందుకుంటారు. అప్పుడు ఒకావిడ కుర్చీలో కూర్చుని, 'నాకు కుదరదు గానీ ఇదిగో ఐదు వందలు, నా బదులు ఎవరినైనా పెట్టుకోండి' అందనుకోండి. ఎవరూ ఏమీ అనరు. డబ్బు తీసుకోరు. 'పర్లేదమ్మా' అంటారు. ఆ పర్లేదు ఎలాంటి పర్లేదో మీకు తెలుసు. మీ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు కనిపించిన మౌనం అదే.

డుగ్నాడ్ అనేది పాత నార్స్ భాషలో సాయం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. చలిదేశంలో ఒక్కడివల్ల కాని పనికి చుట్టుపక్కలవాళ్లంతా చెయ్యి వేసేవారు. ఇంటివాళ్లు అందరికీ తిండి పెట్టేవారు. మన పల్లెల్లోనూ ఒకరి పొలం పనికి మరొకరు బదులు వెళ్లేవారు గదా, ఇంచుమించు అలాంటిది. 2004లో నార్వేవాళ్లు తమ జాతీయపదం ఏమిటని టీవీలో పోటీ పెట్టుకుంటే ఈ మాటే గెలిచింది. 2020 మార్చిలో కోవిడ్‌కి దేశం మూసేసినప్పుడు అప్పటి ప్రధాని ఎర్నా సూల్‌బర్గ్ జనాన్ని అడిగింది కూడా డుగ్నాడే. అలాంటి మాటకి మీరు రేటు కట్టారు. దీన్ని మనవాళ్లు కొందరు శ్రమదానం అని తర్జుమా చేస్తారు, అది నాకు నచ్చదు. దానం అనేసరికి ఇచ్చేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేవాడి చెయ్యి కింద. డుగ్నాడ్‌లో పైచెయ్యి అంటూ లేదు. ఆస్పత్రి సర్జనూ, బస్సు డ్రైవరూ ఒకే పాచిపట్టిన మెట్టుని చెరోవైపు నుంచీ గీకుతుంటారు. పని ఎంత అయింది అన్నది కూడా ముఖ్యం కాదు. డబ్బిచ్చి మనిషిని పెడితే రెండు గంటల్లో అయిపోయే పనికి నలభైమంది మూడు గంటలు పడతారు. ఆ మూడు గంటలే ఆ పని. చట్టప్రకారం అది స్వచ్ఛందమే, రాకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. చెయ్యలేరు కాబట్టే గుర్తుపెట్టుకుంటారు.

నా మొదటి డుగ్నాడ్ సంగతి చెబితే మీకు కాస్త ఊరట. పదకొండింటికి అన్నారు. మన అలవాటుగా పదకొండూ ఇరవైకి దిగాను. ఇస్త్రీ చీర, పైన కోటు, చేతిలో అందరికీ సరిపడా పెద్ద గిన్నెడు పులిహోర. అప్పటికే సగం ఆకులు పోగుపడ్డాయి. పాత ప్యాంట్లు, బురద బూట్లు, ఒకాయన జేబులో తోటకత్తెర. అందరూ పనాపి నా వంక చూశారు. మా పక్కింటాయన వచ్చి గిన్నె అందుకుని బల్ల మీద పెట్టి, నా చేతికి ఆకులు లాగే పళ్లకర్ర ఇచ్చాడు. ఒక్క మాట లేదు. ఒంటిగంటకి వాఫల్సూ కాఫీ వచ్చాయి. పులిహోర కూడా తిన్నారు, ఆవాలు ఏరి పక్కన పెట్టుకుని. ఆ రోజు ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. కానీ మర్నాటి నుంచి మెట్ల మీద నా పేరుతో పలకరించారు.

అసలు కబురు అది కాదు. ఏడో ఏడో, ఎనిమిదో ఏడో గుర్తులేదు. వసంతం డుగ్నాడ్. మూడో అంతస్తులో కొత్తగా దిగిన కుర్రాడు కిటికీలోంచి కాఫీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. నేను చెత్తసంచి కట్టుకుంటూ తలెత్తి చూశాను. నా కనుబొమలు వాటంతటవే ముడిపడ్డాయి. లోపల్నుంచి ఒక చిరాకు లేచింది, 'కిందికి దిగడానికి వీడికేం రోగం' అని. ఆ కుర్రాడు అచ్చమైన నార్వేవాడు. వాడి మీద కోపం తెచ్చుకున్నది తెనాలి ఆడపడుచు. నవ్వొచ్చింది, చెత్తసంచి అక్కడే పెట్టి కాసేపు నవ్వుకున్నాను. రిగ్‌మార్గెన్ ఎప్పుడు దిగిందో తెలియదు, దిగిందని మాత్రం ఆ రోజు తెలిసింది.

మీ సహోద్యోగిని మాట గురించి ఇంకొంచెం. ఆవిడ ఎగతాళికి అందో, ఊరడించడానికి అందో మీ ఉత్తరాన్ని బట్టి నాకు తెలియడం లేదు. 'నీ తప్పేం లేదు, మాదే పిచ్చి అలవాటు' అనే ఉద్దేశం కూడా అయి ఉండొచ్చు, వాళ్లు తమని తాము అలా వెక్కిరించుకుంటారు. కానీ ఆ మాటని గోడలా వాడేవాళ్లూ ఉన్నారు. నార్వేలోనే ఉత్తరాన ఉండే సామీ అనే ఆదివాసీ జనానికి వాళ్ల భాషే వద్దని, నార్వేవాళ్లుగా మారమని బడుల ద్వారా ప్రభుత్వమే తరాల తరబడి ఒత్తిడి పెట్టింది. 1997లో హరాల్డ్ రాజు సామీ పార్లమెంటులో అందుకు క్షమాపణ చెప్పాడు. 2023లో ఆ గాయాల మీద నిజనిర్ధారణ కమిషన్ నివేదిక కూడా వచ్చింది. ఒకరి వెన్నులోది తీసేసి మన వెన్నులోది పెట్టాలనుకుంటే ఏమవుతుందో ఆ దేశానికి బాగా తెలుసు. కాబట్టి ఇంకోసారి ఆ మాట వస్తే ఊరుకోకండి. 'నీకు ఎవరు నేర్పారు?' అని మామూలుగా, కుతూహలంగా అడగండి. వాళ్ల నాన్న గురించో, ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు కోసం కేకులు అమ్మిన రోజుల గురించో చెబుతుంది. నార్వేవాళ్లు తమ గురించి ఊరికే చెప్పరు, ఇలాంటిది అడిగితే మాత్రం చెబుతారు.

ఇప్పుడు బాబు ర్యాంకు. అక్కడ ఏడో తరగతి దాకా మార్కులే వెయ్యరు, ఇక ర్యాంకు ఎక్కణ్ణించి వస్తుంది? టీచర్ తెల్లబోయింది అందుకే. మీరు అడిగింది ఆవిడ చెవికి 'ఈ ఇరవైమందిలో ఎవరిని మావాడు తొక్కేశాడు' అన్నట్టు వినబడి ఉంటుంది. దీని వెనక 'యాంటె చట్టం' అని ఒకటుంది, ఆఫీసులో ఈసరికి వినే ఉంటారు. నువ్వేదో గొప్పవాడివని అనుకోకు, మాకంటే తెలివైనవాడివని అనుకోకు, ఇలా పది నియమాలు. చాలామంది ఇది ఏదో పురాతన నీతి అనుకుంటారు. కాదు. ఆక్సెల్ సాండెమోస అనే రచయిత 1933లో తన నవలలో యాంటె అనే ఊరిని కల్పించి దానికి పెట్టిన నియమాలవి. డెన్మార్క్‌లో తాను పుట్టిన చిన్న పట్టణాన్ని మనసులో పెట్టుకుని రాశాడు. మనిషిని ఎదగనివ్వకుండా నలిపేసే ఊరి బుద్ధిని ఎండగట్టడానికి రాస్తే, జనం దాన్ని తమ గుణానికి పేరుగా పెట్టుకున్నారు. కొందరు దాన్ని వినయం అంటారు, కొందరు ఎదిగేవాణ్ణి కిందికి లాగడం అంటారు. ఈ తగాదా నేను ఉన్నన్నాళ్లూ నడుస్తూనే ఉంది.

నా అభిప్రాయం అడిగితే రెండూ నిజమే. 1973 చమురు కరువులో వారాంతాల్లో కార్లు ఆపేస్తే ఊలవ్ రాజు స్కీలు పట్టుకుని అందరితోపాటు రైలెక్కి, టికెట్ డబ్బులు చాపిన ఫొటో ఒకటుంది. దాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. అదే సమయంలో, పాట బాగా పాడే పిల్ల 'పర్లేదు, ఏదో పాడతాను' అని నంగినంగిగా అంటే జాలేస్తుంది. మన దగ్గర ఉన్న రోగం దీనికి తిరగేసినది. స్టేట్ ఫస్ట్ వచ్చినవాడి ఫొటో కాలేజీ ఫ్లెక్సీ మీద, రానివాడు ఆ ఫ్లెక్సీ కిందినుంచి తలొంచుకుని వెళ్లాలి. ఈ రెండింట్లో ఎనిమిదేళ్ల పిల్లాడికి ఏది ఒంటబడితే మేలో మీకు నేను చెప్పక్కర్లేదు.

పైగా గొప్పలు చెప్పుకోకూడదన్నది మనకి తెలియనిదేం కాదు. మీ అత్తగారినే అడగండి, పసిపిల్లాడు బొద్దుగా ఉన్నాడని ఎవరైనా పైకి అంటే ఏం చేస్తారో. బుగ్గన నల్లచుక్క పెడతారు, ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తారు. కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కడతారు. మనకి దిష్టి భయం, వాళ్లకి యాంటె భయం. కారణం వేరే గానీ నోరు మూయించే పని రెండూ చేస్తాయి. 'అందరిలాగే, నాన్నమ్మా' అని మనవడు అంటే, దిష్టి తగలకుండా అంటున్నాడని అనుకోమనండి. ఆవిడకి ఇట్టే అర్థమవుతుంది.

మీరు మాత్రం ర్యాంకు అడగడం మానేసి ఇంకోటి అడగండి. ఈ వారం స్కూల్లో నీకు బాగా వచ్చింది ఏమిటి, ఎవరికైనా నేర్పావా అని. జవాబు చెబుతాడు. వాడికి ఇంట్లో గర్వపడే చోటు కూడా కావాలి. స్కూల్లో దొరకనిది ఇంట్లో దొరికితే తప్పులేదు. ఈతలోనో లెక్కల్లోనో బాగా చేసినప్పుడు నాన్నమ్మకి వీడియోలో చూపించి మురిసిపోనివ్వండి. బయట ఒకలా, ఇంట్లో ఒకలా ఉండటం పిల్లలకి మనం అనుకున్నంత కష్టం కాదు. రెండు భాషలు ఎలా మార్చుకుంటారో ఇదీ అలాగే మార్చుకుంటారు. 'యా' కూడా ఆపకండి. ఆపమన్నంత మాత్రాన ఆగదు, వాడికి తెలియకుండా వస్తోంది అది.

'మనవి పోతున్నాయా' అన్నారు. కొన్ని పోతాయి. మా అమ్మాయి కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకోదు, ఎన్నిసార్లు చెప్పినా రాలేదు. నాకు కొంచెం బాధే, దాచుకోను. కానీ అది ఇక్కడికి హైదరాబాద్ వచ్చినప్పుడు మా చిన్నమ్మ ఇంట్లో భోజనం చేసి, లేస్తూ 'చాలా బాగుంది అమ్మమ్మా, థాంక్స్' అంది. అదే 'టాక్ ఫర్ మాటెన్', తెలుగు వేషంలో. మా చిన్నమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అరవై ఏళ్లుగా ఆ ఇంట్లో వండుతోంది. తిన్నాక మజ్జిగ అడిగినవాళ్లే గానీ ఆ మాట అన్నవాళ్లు లేరట. పిల్ల వెళ్లిపోయిన రెండు రోజులు ఇరుగుపొరుగుకి అదే చెప్పుకుంది. మీ అబ్బాయి సెలవులకి గుంటూరు వచ్చినప్పుడు ఆ ఒక్క అలవాటు మాన్పించకండి.

ఇక సెప్టెంబరులోనో అక్టోబరులోనో మళ్లీ డుగ్నాడ్ నోటీసు పడుతుంది. ఈలోగా గ్రూపులో పెద్ద క్షమాపణలు రాయకండి, అది వాళ్లని ఇంకా ఇబ్బంది పెడుతుంది. నోటీసు పడగానే 'నేను వస్తున్నాను' అని ఒక్క ముక్క రాయండి, చాలు. ఆ రోజు తెలుగువాళ్ల బతుకమ్మో దసరానో ఉంటే వంట ముందురోజే చేసుకోండి, లేదా ఒక గంటైనా కిందికి దిగి వెళ్లండి. గంట వచ్చి వెళ్లినవాళ్లని అందరూ క్షమిస్తారు. బాబుని తీసుకెళ్లండి, వాడికి పని ఎవరో ఒకరు చెబుతారు. పదకొండంటే పదకొండు. తినడానికి ఏమైనా చేస్తే చిన్న డబ్బాలో చెయ్యండి, నాలాగా గిన్నెడు కాదు. పకోడీలైతే ఆవాలు ఏరే పని ఉండదు. చేతి తొడుగులు మాత్రం సొంతవి తీసుకెళ్లండి, అక్కడ పెట్టేవన్నీ ఆరడుగుల మనుషుల కొలతవి.